సేఫ్టీ పైలట్

సేఫ్టీ పైలట్ అనగా, బయటి దృశ్యం కనబడకుండా కళ్ళకు అడ్డు పెట్టుకొని కేవలం పరికరాల ఆధారంగా విమానం నడపడం సాధన చేసే పైలట్ పక్కన కూర్చొని, అతని బదులు బయటికి చూస్తూ విమానాన్ని కాపాడే రెండవ పైలట్. ఈ సాధనను ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ సాధన అంటారు. సేఫ్టీ పైలట్ శిక్షకుడు కానవసరం లేదు. ఆ తరగతి విమానాన్ని నడపడానికి తగిన లైసెన్సు ఉన్న స్నేహితుడైనా సరిపోతాడు. శిక్షకుని రుసుము లేకుండా కొన్ని గంటల సాధన పూర్తి చేసుకొనే వీలు ఉండడం వలన, ముఖ్యంగా అమెరికాలో, తక్కువ ఖర్చుతో శిక్షణ పొందదలచినవారు ఈ పద్ధతిని విస్తృతంగా ఉపయోగిస్తారు. అక్కడ విమానయానం నేర్చుకొంటున్న తెలుగు విద్యార్థులకు ఇది పరిచితమైన మాట. భారతదేశంలో దీని వాడకం చాలా తక్కువ.

అవసరం

విజయవాడలోని భవానీపురం మీదుగా పగటి వెలుతురులో చిన్న విమానం నడిపే పైలట్‌కు దారి తెలుసుకోవడం కష్టం కాదు. క్రింద కృష్ణానది, దానిలో భవానీ ద్వీపం, తూర్పున ఇంద్రకీలాద్రి, ప్రకాశం బ్యారేజి, పడమర కొండపల్లి కొండలు, ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్కేంద్రం పొగగొట్టాలు కనబడుతూ ఉంటాయి. అన్నింటికన్నా ముఖ్యంగా నేల, ఆకాశం కలిసే క్షితిజ రేఖ కనబడుతుంది. విమానం రెక్కలు సమంగా ఉన్నాయో లేదో, ముక్కు పైకి ఉన్నదో క్రిందికి ఉన్నదో పైలట్‌కు తెలిపేది ఆ రేఖే. దానిని చూసి నడపడాన్ని దృశ్యాధారిత చోదనం అంటారు.

మేఘంలోకి ప్రవేశించిన మరుక్షణం ఆ రేఖ మాయమవుతుంది. అప్పుడు మనిషి తన శరీరపు తూకాన్ని నమ్ముకొంటాడు. ఆ నమ్మకమే ప్రాణాంతకం. చెవి లోపలి భాగంలో మూడు అర్ధవర్తుల కుల్యలు, వాటిలో అంతరలసిక అనే ద్రవం ఉంటాయి. తల తిరిగినపుడు ద్రవం వెనుకబడడం వలన మెదడుకు భ్రమణం తెలుస్తుంది. అయితే ఒకే వేగంతో కొంతసేపు తిరిగితే ద్రవం కూడా కుల్యతో సమానంగా కదిలి, తిరుగుతున్న భావన పోతుంది. చాలా మెల్లగా మొదలైన మలుపు అసలు తెలియనే తెలియదు. ఒప్పులకుప్ప ఆడిన పిల్లలు ఆగిన తరువాత కూడా లోకం గిర్రున తిరుగుతున్నట్లు తూలిపోవడానికి కారణం ఇదే. పిల్లలు నేల మీద కూలబడి నవ్వుకొంటారు. పైలట్‌కు ఆ అవకాశం ఉండదు.

మేఘంలో విమానం ఒక పక్కకు వాలి మలుపు తిరుగుతున్నా తాను తిన్నగానే పోతున్నానని పైలట్ అనుకొంటాడు. ఎత్తు తగ్గుతున్నట్లు పరికరం చూపగానే ముక్కు పైకి ఎత్తడానికి కంట్రోలును వెనుకకు లాగుతాడు. రెక్కలు సమం చేయకుండా అలా లాగడం వలన మలుపు మరింత బిగిసి, విమానం సుడి తిరుగుతూ వేగంగా దిగుతుంది. దీనికి ఆంగ్లంలో "గ్రేవ్‌యార్డ్ స్పైరల్", అనగా శ్మశాన సర్పిలం అని పేరు.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఈ విషయమై ఒక ప్రయోగం జరిగింది. పరికరాలతో నడపడంలో అనుభవం లేని 20 మందికి బయటి దృశ్యం కనబడకుండా చేసి విమానాన్ని అప్పగించారు. మొదటి ప్రయత్నంలో అందరూ విమానంపై అదుపు కోల్పోయారు. దానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు. 1,223 మీటర్ల పొడవు గల ప్రకాశం బ్యారేజిని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోయే ఆటో దాటడానికి పట్టే సమయం ఇంచుమించు ఇంతే. ప్రయోగంలో పాల్గొన్నవారు క్షేమంగా దిగడానికి కారణం, పక్క సీటులో బయటికి చూస్తున్న మరొక పైలట్ ఉండడం. ప్రముఖుల ప్రమాదాలలో ఈ కారణం వలన జరిగినదిగా తరచు చెప్పబడేది 1999 జూలై 16న అమెరికా తూర్పు తీరంలో జరిగింది. అమెరికా మాజీ అధ్యక్షుని కుమారుడైన జాన్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ రాత్రివేళ మసక వాతావరణంలో సముద్రంపై తానే విమానం నడుపుతూ మరణించాడు. అతనికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు.

చరిత్ర

పరికరాలను మాత్రమే చూసి విమానాన్ని నేల నుండి ఎత్తి, ఒక చుట్టు తిప్పి, తిరిగి దించడం మొదటిసారి 1929 సెప్టెంబరు 24న న్యూయార్కు సమీపంలోని మిచెల్ ఫీల్డ్‌లో జరిగింది. ఈ ప్రయోగానికి డేనియల్ గగెన్‌హైమ్ నిధి సహాయం చేసింది. నడిపినవాడు లెఫ్టినెంట్ జేమ్స్ డూలిటిల్. ఇతడే తరువాత 1942లో టోక్యోపై జరిగిన అమెరికా వైమానిక దాడికి నాయకత్వం వహించాడు. కన్సాలిడేటెడ్ ఎన్‌వై-2 అనే రెండు సీట్ల శిక్షణ విమానంలో వెనుక సీటును పూర్తిగా గుడ్డతో కప్పివేశారు. కోల్స్‌మన్ తయారు చేసిన సున్నితమైన ఎత్తుమాపకం, స్పెర్రీ సంస్థ రూపొందించిన కృత్రిమ క్షితిజం, దిశాసూచక గైరో, నేల మీది రేడియో సంకేతాలు డూలిటిల్‌కు ఆధారం. విమానం సుమారు 15 నిముషాలు గాలిలో ఉన్నది.

ముందు సీటులో లెఫ్టినెంట్ బెంజమిన్ కెల్సీ కూర్చున్నాడు. ఆ చుట్టుపక్కలకు వేరే విమానం ఏదైనా వస్తే ప్రమాదం తప్పించడం అతని పని. తాను కంట్రోళ్ళను తాకడం లేదని క్రింద ఉన్నవారికి తెలియడానికి అతడు చేతులు పైకి ఎత్తి చూపించాడు. చరిత్ర పుస్తకాలలో డూలిటిల్ పేరు నిలిచినంతగా కెల్సీ పేరు నిలవలేదు. కాని సేఫ్టీ పైలట్ చేయవలసిన పని అంతా ఆ 15 నిముషాలలోనే ఉన్నది. అవసరం లేనంతవరకు చేతులు దూరంగా ఉంచాలి, చూపు మాత్రం ఎల్లప్పుడూ బయట ఉండాలి.

అదే కాలంలో ఎడ్విన్ లింక్ అనే అమెరికన్, తన తండ్రి నడిపే ఆర్గన్ వాద్యాల కర్మాగారంలోని గాలితిత్తుల పరిజ్ఞానంతో, నేల మీదే కదిలే శిక్షణ యంత్రాన్ని తయారు చేశాడు. లింక్ ట్రైనర్ అనే ఆ యంత్రం నేటి సిమ్యులేటర్లకు పూర్వరూపం. రెండవ ప్రపంచ యుద్ధంలో వేలాది పైలట్లు దానిలో సాధన చేశారు.

సాధన జరిగే విధానం

ఈ సాధన సాధారణంగా బయట ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుననే జరుగుతుంది. నేర్చుకొనే పైలట్ విమానం ఎక్కిన తరువాత, తగిన ఎత్తు చేరాక, హుడ్ పెట్టుకొంటాడు. హుడ్ అనేది టోపీ అంచులాగా ముందుకు పొడుచుకు వచ్చిన అడ్డు. దానిని పెట్టుకొంటే ముందున్న పరికరాల పలక తప్ప కిటికీ కనబడదు. పై సగం మసకగా చేసిన కళ్ళజోడు కూడా వాడుకలో ఉన్నది. దానిని ఫాగుల్స్ అంటారు. హుడ్ చవకైన వస్తువు. కాని తల కొంచెం ఎత్తితే బయటి వెలుతురు, నీడల కదలిక తెలిసిపోతుంది. కావాలని దొంగచూపు చూసేవారు తమను తామే మోసగించుకొంటారు గనుక దీనిపై ఎక్కువగా చెప్పనవసరం లేదు.

పాతకాలపు చిన్న విమానాలలో పైలట్ ముందు ఆరు గుండ్రని పరికరాలు ఉంటాయి. పై వరుసలో వేగాన్ని తెలిపే ఎయిర్ స్పీడ్ ఇండికేటర్, కృత్రిమ క్షితిజం, ఎత్తును తెలిపే ఆల్టిమీటర్ ఉంటాయి. క్రింది వరుసలో మలుపును తెలిపే టర్న్ కోఆర్డినేటర్, దిశను తెలిపే హెడింగ్ ఇండికేటర్, ఎక్కే లేదా దిగే వేగాన్ని తెలిపే వర్టికల్ స్పీడ్ ఇండికేటర్ ఉంటాయి. కొత్త విమానాలలో ఇవన్నీ ఒకే తెర మీద కనబడతాయి. చూపును ఏ ఒక్క పరికరం మీదా నిలపకుండా, మాటిమాటికీ కృత్రిమ క్షితిజానికి తిరిగి వస్తూ అన్నింటినీ చుట్టి రావడాన్ని స్కాన్ అంటారు. పరికరాలతో నడపడం నేర్చుకోవడమంటే ప్రధానంగా ఈ స్కాన్ నేర్చుకోవడమే. ఇది వాడకపోతే త్వరగా పోయే విద్య. సైకిలు తొక్కడం వంటిది కాదు, సంగీత సాధన వంటిది.

మొదట తిన్నగా, ఒకే ఎత్తులో పోవడం, తరువాత సెకనుకు 3 డిగ్రీల చొప్పున మలుపులు తిరగడం సాధన చేస్తారు. ఈ లెక్కన పూర్తి చుట్టుకు రెండు నిముషాలు పడుతుంది. ఆపైన రేడియో కేంద్రాల నుండి వచ్చే సంకేతాల గీతను పట్టుకొని పోవడం, ఒకచోట గుండ్రంగా తిరుగుతూ వేచి ఉండే హోల్డింగ్, చివరకు విమానాశ్రయానికి దిగే అప్రోచ్ పద్ధతులు వస్తాయి. ఐ.ఎల్.ఎస్. అనే పద్ధతిలో సాధారణంగా నేలకు 200 అడుగుల ఎత్తు వరకు పరికరాలపైనే రావచ్చును. అక్కడికి చేరేసరికి రన్‌వే కనబడకపోతే తిరిగి పైకి లేవాలి. సాధనలో ఆ ఎత్తు వద్ద సేఫ్టీ పైలట్ "రన్‌వే కనబడింది" అని చెబితే హుడ్ తీసి దిగుతారు. ఏమీ చెప్పకపోతే మేఘాలు ఉన్నట్లే భావించి పైకి లేస్తారు. ఏది చెప్పాలో ముందుగా అనుకోకపోవడమే మంచిది.

మరొక ముఖ్యమైన అభ్యాసం, పరికరాలలో కొన్ని పనిచేయనట్లు భావించడం. కృత్రిమ క్షితిజాన్ని, దిశాసూచికను గుండ్రని రబ్బరు బిళ్ళలతో మూసివేసి మిగిలిన వాటితో నడపాలి. అలాగే సాధకుడు కళ్ళు మూసుకొని ఉండగా పక్కవారు విమానాన్ని ఏటవాలుగా తిప్పి అప్పగిస్తారు. అతడు కళ్ళు తెరచి, పరికరాలను చూసి, దానిని సరిచేయాలి. ఈ చివరి అభ్యాసాన్ని శిక్షకుని వద్ద నేర్చుకోకముందు స్నేహితునితో చేయడం తగదు.

సేఫ్టీ పైలట్ విధులు

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ యొక్క నిబంధనావళిలో అనుబంధం 2 ప్రకారం, ఇటువంటి సాధన జరిగే విమానంలో రెండు వైపులా పూర్తిగా పనిచేసే కంట్రోళ్ళు ఉండాలి. ఒక కంట్రోలు సీటులో అర్హతగల పైలట్ సేఫ్టీ పైలట్‌గా కూర్చోవాలి. అతనికి ముందువైపు, రెండు పక్కలా తగినంతగా కనబడాలి. కనబడని పక్షంలో, ఆ లోటు తీర్చగల పరిశీలకుడు మరొకరు విమానంలో ఉండి అతనితో మాట్లాడగలిగి ఉండాలి. భారతదేశం ఈ సంస్థలో సభ్య దేశం.

నిబంధన చిన్నదే, పని మాత్రం అలసట కలిగించేది. ఏమీ జరగని గంటలో ఏదో జరగబోతున్నట్లే చూస్తూ ఉండాలి. మొదటి పని ఇతర విమానాలను కనిపెట్టడం. కనబడిన విమానం ఏ వైపు ఉన్నదో గడియారపు ముల్లు లెక్కన చెబుతారు. ముక్కుకు ఎదురుగా ఉన్నది పన్నెండు గంటల దిశ, కుడిరెక్క వైపు మూడు గంటల దిశ. రెక్క పైన ఉన్న సెస్నా వంటి విమానంలో మలుపు తిరిగేటపుడు లోపలివైపు రెక్క దృశ్యాన్ని కప్పివేస్తుంది. రెక్క క్రింద ఉన్న పైపర్ వంటి విమానంలో కింది భాగం కనబడదు. అందువలన మలుపుకు ముందు ఆ వైపు చూసి "ఖాళీగా ఉన్నది" అని చెప్పడం అలవాటు చేసుకోవాలి. కొండలు, స్తంభాలు, మేఘాలు, ప్రవేశించకూడని గగనతలం, ఇంధనం మిగులు కూడా అతని బాధ్యతే. దృశ్యాధారిత నియమాల క్రింద ఎగురుతూ ఉంటే మేఘాలకు నిర్ణీత దూరంలో ఉండవలసినది విమానం. హుడ్ క్రింద ఉన్నవానికి ఆ మేఘం కనబడదు.

బయలుదేరకముందే కొన్ని విషయాలు తేల్చుకోవలసి ఉంటుంది. అందులో ప్రధానమైనది, చట్టరీత్యా విమానానికి కమాండర్ ఎవరు అన్నది. ఇంజను ఆగితే ఎవరు నడపాలి, రేడియోలో ఎవరు మాట్లాడాలి, ఏ పరిస్థితిలో కంట్రోలు తీసుకోవాలి అన్నవి కూడా ముందే అనుకోవాలి. కంట్రోలు మార్చుకొనేటపుడు "నా కంట్రోలు" అని ఒకరు, "మీ కంట్రోలు" అని మరొకరు, తిరిగి "నా కంట్రోలు" అని మొదటివారు చెప్పే పద్ధతి ఉన్నది. ఇద్దరూ ఎదుటివారు నడుపుతున్నారని అనుకొన్నందువలన జరిగిన ప్రమాదాలు విమానయానంలో ఉన్నాయి. వయసులోనో, అనుభవంలోనో పెద్దవాడు హుడ్ క్రింద ఉన్నపుడు చిన్నవాడు నోరు విప్పడానికి సంకోచించడం మరొక చిక్కు. "అన్నా, కంట్రోలు నాకివ్వు" అని చెప్పడానికి మొహమాటపడేవారు ఈ సీటుకు తగరు.

సేఫ్టీ పైలట్లు తరచు చేసే తప్పు తాము కూడా పరికరాల వైపే చూడడం. పక్కవాడు ఎత్తు నిలపలేక తంటాలు పడుతుంటే చూపు దానంతటదే లోపలికి పోతుంది. అప్పుడు విమానంలో నాలుగు కళ్ళు ఉండి కూడా బయటికి చూసేవారు ఉండరు. ఇతర విమానాలను తెరపై చూపే ఎ.డి.ఎస్.-బి. అనే వ్యవస్థను 2020 జనవరి 1 నుండి అమెరికాలోని అత్యధిక నియంత్రిత గగనతలంలో తప్పనిసరి చేశారు. ఇది మేలు చేసినప్పటికీ అన్ని విమానాలూ ఆ తెరపై కనబడవు.

శాన్ డీగో ప్రమాదం

హుడ్ సాధన ప్రస్తావన వచ్చినపుడు 1978 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డీగో నగరంపై జరిగిన దుర్ఘటనను చెప్పుకొంటారు. ఒక సెస్నా 172 విమానంలో ఇద్దరు పైలట్లు ఉన్నారు. ఒకరు హుడ్ పెట్టుకొని ఐ.ఎల్.ఎస్. అప్రోచ్ సాధన చేస్తున్నారు, మరొకరు శిక్షకుడు. అదే విమానాశ్రయంలో దిగడానికి వస్తున్న పసిఫిక్ సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 182వ సర్వీసు బోయింగ్ 727 వెనుక నుండి సెస్నాను ఢీకొన్నది. బోయింగ్‌లోని 135 మంది, సెస్నాలోని ఇద్దరు, నేల మీద ఏడుగురు, మొత్తం 144 మంది మరణించారు.

వాతావరణం నిర్మలంగా ఉన్నది. చిన్న విమానం గురించి బోయింగ్ సిబ్బందికి ముందుగానే చెప్పారు. వారు దానిని చూసినట్లు తెలిపి, తరువాత అది కంటికి కనబడకుండా పోయిన సంగతిని నియంత్రణ కేంద్రానికి స్పష్టంగా చెప్పలేదు. సెస్నా కూడా తనకు చెప్పిన దిశ నుండి కొంత తప్పుకొన్నట్లు దర్యాప్తులో తేలింది. శిక్షకుని స్థాయి గల పైలట్ పక్కన ఉన్నా, వెనుక పైనుండి వచ్చే విమానం అతనికి కనబడే వీలు లేదు. సేఫ్టీ పైలట్ ఉన్నంత మాత్రాన అన్ని దిక్కులూ కాపలాలో ఉన్నట్లు కాదని ఈ ప్రమాదం వలన తెలుస్తుంది. సాధన విమానాలను రద్దీ విమానాశ్రయాలకు దూరంగా ఉంచాలనే వాదనకు దీని తరువాత బలం చేకూరింది.

అమెరికాలో నిబంధనలు, ఖర్చు

అమెరికాలో సేఫ్టీ పైలట్‌కు కనీసం ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉండాలి. అది నడుపుతున్న విమానపు వర్గానికి, తరగతికి చెందినదై ఉండాలి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉండవలసిన అవసరం లేదు. అయితే అటువంటి వారితో మేఘాలలోకి పోకూడదు. వైద్య అర్హత కూడా ఉండాలి. కమాండర్‌గా వ్యవహరించని సేఫ్టీ పైలట్లకు బేసిక్‌మెడ్ అనే సులభమైన వైద్య అర్హత చాలునని 2022 డిసెంబరులో నిబంధన సవరించారు.

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కోసం అక్కడ 40 గంటల పరికరాధారిత సమయం కావాలి. అందులో కనీసం 15 గంటలు అర్హతగల శిక్షకునితో జరగాలి. మిగిలిన 25 గంటలలో కొంత ఆమోదం పొందిన సిమ్యులేటరులోను, కొంత సేఫ్టీ పైలట్‌తోను పూర్తి చేయవచ్చును. దీనికి అదనంగా కమాండర్‌గా 50 గంటల సుదూర ప్రయాణం ఉండాలి. అమెరికా పౌరులు కానివారు ఈ రేటింగు శిక్షణ మొదలుపెట్టడానికి ముందు అక్కడి రవాణా భద్రతా సంస్థ అనుమతి పొందవలసి ఉంటుంది. విజయవాడలో భూమి తాకట్టు పెట్టి డాలర్లు పంపే కుటుంబాలకు ఆ అనుమతి కోసం వేచి ఉండే వారాలు కూడా ఖర్చే.

ఖర్చు ఎంత తగ్గుతుందన్న విషయంలో అపోహలు ఎక్కువ. ఉదాహరణకు విమానం అద్దె గంటకు 170 డాలర్లు, శిక్షకుని రుసుము 70 డాలర్లు అనుకొందాము. శిక్షకునితో పది గంటలకు 2,400 డాలర్లు అవుతుంది. ఇద్దరు స్నేహితులు అద్దె సగం సగం పంచుకొంటే ఒక్కొక్కరికి గంటకు 85 డాలర్లే గనుక పది గంటలకు 850 అని చాలామంది లెక్కవేస్తారు. ఇది పొరపాటు. ఇద్దరూ వంతులు వేసుకొంటే ఒక్కొక్కరు పది గంటలు హుడ్ క్రింద ఉండడానికి విమానం ఇరవై గంటలు ఎగరాలి. అప్పుడు ఒక్కొక్కరి వాటా 1,700 డాలర్లు. అనగా హుడ్ గంటల వరకు చూస్తే మిగిలేది శిక్షకుని రుసుము 700 డాలర్లు మాత్రమే. అసలు లాభం మరొకచోట ఉన్నది. కాపలా కాసిన పది గంటలు కూడా లాగ్ బుక్కులో ఎక్కుతాయి. కమర్షియల్ లైసెన్సు కోసం గంటలు పోగుచేసుకొనేవారికి ఇది విలువైనది.

ఆ గంటలు ఎలా రాయాలన్నదానికి నియమాలు ఉన్నాయి. హుడ్ క్రింద ఉండి నడిపినవారు కమాండర్ సమయం రాసుకొంటారు. చట్టరీత్యా కమాండర్ బాధ్యత తీసుకోవడానికి ముందే ఒప్పుకొన్న సేఫ్టీ పైలట్ కూడా కమాండర్ సమయమే రాసుకోవచ్చును. ఆ బాధ్యత తీసుకోకపోతే సహ పైలట్ సమయం రాసుకోవాలి. ఇవి రెండూ హుడ్ పెట్టుకొని ఉన్నంతసేపటికి మాత్రమే వర్తిస్తాయి. ఎక్కేటపుడు, దిగేటపుడు, నేల మీద నడిచేటపుడు గడిచిన సమయం సేఫ్టీ పైలట్‌కు రాదు. సాధకుని లాగ్ బుక్కులో సేఫ్టీ పైలట్ పేరు తప్పనిసరిగా రాయాలి. ఒకే సమయాన్ని ఇద్దరు కమాండర్లు రాసుకొనే ఈ పద్ధతి ఐరోపాలో చెల్లదు. వేరే దేశపు లైసెన్సు తీసుకోదలచినవారు ఆ దేశపు నియమాలను ముందుగానే చూసుకోకపోతే చివరలో గంటలు తక్కువపడతాయి.

రేటింగు వచ్చిన తరువాత కూడా సేఫ్టీ పైలట్ అవసరం తీరదు. మేఘాలలో ప్రయాణించే అర్హత నిలుపుకోవాలంటే గడచిన ఆరు నెలలలో ఆరు అప్రోచ్‌లు, హోల్డింగ్, సంకేత మార్గాన్ని పట్టుకొని పోవడం చేసి ఉండాలి. అలా చేయనివారు తరువాతి ఆరు నెలలలో సేఫ్టీ పైలట్‌తో ఆ లోటు పూడ్చుకోవచ్చును. ఆ గడువు కూడా దాటితే పరీక్షకుని లేదా శిక్షకుని వద్ద ప్రత్యేక పరీక్షకు నిలవాలి. నిజానికి అమెరికాలో ఈ పద్ధతి ఎక్కువగా ఉపయోగపడేది ఇక్కడే.

పరిమితులు

సేఫ్టీ పైలట్ తప్పులు దిద్దే గురువు కాడు. స్కాన్ సరిగా రాకముందే స్నేహితునితో గంటలు పూర్తి చేసినవారు తప్పుడు అలవాట్లను గట్టిపరచుకొంటారు. వాటిని వదిలించడానికి శిక్షకునికి చెల్లించే రుసుము మిగిల్చిన దానికన్నా ఎక్కువ కావచ్చును. మొదటి గంటలు శిక్షకునితో, మధ్యలో పునరభ్యాసం సేఫ్టీ పైలట్‌తో, పరీక్షకు ముందు మళ్ళీ శిక్షకునితో చేయడం లాభసాటి క్రమం. పరీక్షకు ముందు రెండు నెలలలో మూడు గంటల శిక్షణ అమెరికా నిబంధనల ప్రకారం ఎలాగూ తప్పదు.

హుడ్ మేఘం కాదు. మేఘంలో విమానం ఊగుతుంది, వాన చప్పుడు వినబడుతుంది, వెలుతురు మారుతూ ఉంటుంది, భయం వేస్తుంది. హుడ్ తీస్తే బయట ఎండ ఉన్నదన్న ధైర్యం అక్కడ ఉండదు. అందువలన శిక్షకుని తోడుగా అసలైన మేఘంలో కొద్ది గంటలైనా ఎగరమని అనుభవజ్ఞులు చెబుతారు.

భారతదేశంలో

భారతదేశంలో పైలట్ లైసెన్సులను పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ జారీ చేస్తుంది. 1937 నాటి విమాన నియమాల ప్రకారం ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు 40 గంటల పరికరాధారిత సమయం కావాలి. అందులో 20 గంటలకు మించకుండా సిమ్యులేటరులో చేయవచ్చును. కమాండర్‌గా 50 గంటల సుదూర ప్రయాణం కూడా ఉండాలి. కమర్షియల్ లైసెన్సుకు మొత్తం 200 గంటలు ఎగరాలి. కాగితం మీద ఇవి అమెరికా అంకెలకు దగ్గరగానే ఉన్నా, గంటలు పూర్తయ్యే విధానం వేరు. ఇక్కడ లైసెన్సు ఉన్న ఇద్దరు స్నేహితులు ఆదివారం ఉదయం విమానం అద్దెకు తీసుకొని హుడ్ సాధనకు పోవడం అరుదు. అద్దెకు దొరికే చిన్న విమానాలు తక్కువ. సొంత ఆసక్తితో ఎగిరేవారూ తక్కువే. రాత్రివేళ దృశ్యాధారిత చోదనకు సాధారణంగా అనుమతి లేదు. చిన్న విమానాలు వాడే ఎవ్‌గ్యాస్ ఇంధనం చాలాకాలం దిగుమతి మీదనే ఆధారపడింది. ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదర వద్ద తన శుద్ధి కర్మాగారంలో దానిని తయారు చేయడం 2022లో ప్రారంభించింది. అందువలన శిక్షణ సంస్థలలో హుడ్ గంటలు సాధారణంగా శిక్షకుని పక్కనే పూర్తవుతాయి. ఖర్చు తగ్గించుకొనే ప్రధాన మార్గం సిమ్యులేటరే.

తెలుగు నేల మీద విమాన శిక్షణకు పాత కేంద్రం హైదరాబాదులోని బేగంపేట. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిన తరువాత కూడా అక్కడ శిక్షణ కొనసాగింది. ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీగా ఉన్న సంస్థ 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ అయినది. నాగార్జునసాగర్ వద్ద కూడా శిక్షణ విమానాలు ఎగిరాయి. విమానాశ్రయాల ప్రాధికార సంస్థ 2022లో కొత్త శిక్షణ సంస్థల కోసం ఎంపిక చేసిన ఐదు విమానాశ్రయాలలో కడప ఒకటి. విదేశాలకు పోయి నేర్చుకొన్నవారిలో విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర పేరు 2024లో ప్రముఖంగా వినబడింది. అమెరికాలోని ఎంబ్రీ-రిడిల్ విశ్వవిద్యాలయంలో చదివి, పలు రకాల విమానాలు నడిపిన ఇతడు 2024 మే 19న బ్లూ ఆరిజిన్ వ్యోమనౌకలో అంతరిక్షపు అంచుకు వెళ్ళివచ్చాడు.

కృష్ణా డెల్టాలో

విజయవాడ విమానాశ్రయం నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో గన్నవరం వద్ద ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఏర్పడిన ఈ విమానాశ్రయానికి శీతాకాలపు ఉదయాలు పరీక్ష వంటివి. చుట్టూ కాలువలు, తడి పొలాలు ఉండడం వలన రాత్రి చల్లబడిన నేల మీద పొగమంచు పరచుకొంటుంది. అటువంటి ఉదయాలలో హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు నుండి వచ్చిన విమానాలు గాలిలో చుట్లు కొట్టడం, ఒక్కొక్కసారి దిగకుండానే తిరిగిపోవడం జనవరి నెలలో స్థానిక పత్రికలకు మామూలు వార్త. టెర్మినల్‌లో ఎదురుచూసేవారికి అది ఆలస్యం మాత్రమే. పైన ఉన్న పైలట్ హోల్డింగ్ తిరుగుతూ, ఇంధనం లెక్క చూసుకొంటూ, అప్రోచ్‌కు వచ్చి నిర్ణీత ఎత్తు వద్ద ఏమీ కనబడక తిరిగి లేస్తున్నాడని అర్థం. ఎన్నడో చిన్న విమానంలో హుడ్ క్రింద నేర్చుకొన్నవి ఇవే. దివిసీమ దాటి సముద్రం మీదికి పోతే రాత్రివేళ దీపాలు ఉండవు. ఆకాశం నిర్మలంగా ఉన్నా క్షితిజ రేఖ కనబడదు. కెన్నెడీ జూనియర్ ఎదుర్కొన్న స్థితి ఇటువంటిదే.

2024 నవంబరు 9న భవానీపురంలోని పున్నమి ఘాట్ నుండి శ్రీశైలానికి సీ ప్లేన్ ప్రదర్శన ప్రయాణం జరిగింది. ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు అందులో ప్రయాణించారు. నీటి మీద దిగే విమానాలు పగటి వెలుతురులో, దృశ్యాధారిత నియమాల క్రిందనే నడుస్తాయి. నదికి ఐ.ఎల్.ఎస్. ఉండదు. అయినా పరికరాల విద్య వీటికి అక్కరకు వచ్చే సందర్భం ఒకటి ఉన్నది. గాలి లేని వేళ బ్యారేజి ఎగువన నీరు అద్దంలా నిశ్చలంగా ఉంటే, ఎంత ఎండ కాస్తున్నా, నీటికి ఎంత ఎత్తులో ఉన్నదీ కంటితో తెలుసుకోవడం సాధ్యం కాదు. నీటిలో ఆకాశమే కనబడుతుంది. అప్పుడు సీ ప్లేన్ పైలట్లు ఒడ్డుకు దగ్గరగా వచ్చి, ముక్కును ఒక నిర్ణీత కోణంలో నిలిపి, నిముషానికి సుమారు 150 అడుగుల చొప్పున దిగుతున్నట్లు పరికరంలో చూసుకొంటూ, నీరు తగిలేవరకు కోణం మార్చకుండా వేచి ఉంటారు.